కబురు వేరు, మాట వేరు

(ఒక జిల్లా కేంద్రంలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశం ఉన్నదని మీకెట్లా తెలిసింది? చేతులెత్తమంటే ముప్పాతిక మంది "మెసేజ్ వచ్చింది" అనే అంటారు. పాతికేండ్ల కింద ఇదే ప్రశ్న అడిగితే కరపత్రం చూసినమనో, గోడమీద రాత చూసినమనో, ఫలానా అన్న ఇంటికొచ్చి చెప్పిపోయిండనో చెప్పేవాళ్లు. పిలుపు అప్పుడూ అందింది, ఇప్పుడూ అందింది. కాని అప్పుడు పిలుపుతో పాటు ఒక మనిషి వచ్చేవాడు. కూసునేవాడు. చాయ తాగేవాడు. "ఎందుకు రావాలె?" అని మనం అడిగితే జవాబు చెప్పేవాడు. ఇప్పుడు పిలుపు ఒక్కటే వస్తున్నది, మనిషి రావడం లేదు. ఈ తేడా గురించే ఇయ్యాల మాట్లాడుకుందాం.

సెల్‌ఫోన్‌ను తిట్టడానికి మేము రాలేదు. అది లేకపోతే మేము కూడా ఈ వేదిక దాకా వచ్చేవాళ్లం కాదు. తిట్టడం సులువు. దాంతో మనకు ఒరిగిందేమిటి, మన చేతుల నుంచి జారిందేమిటి అని లెక్క తీయడం కష్టం. ఆ కష్టమైన పనే చేద్దాం.

ఉత్తరం నుంచి ఎస్సెమ్మెస్ దాకా

మన పల్లెల నుంచి బొంబాయికి, భివండికి, సూరత్‌కు, ఆ తర్వాత దుబాయికి, మస్కట్‌కు వలస పోయినవాళ్ల ఇండ్లు మనందరికీ తెలుసు. ఆ ఇంటికి ఉత్తరం వస్తే అవ్వకు చదవరాదు. పోస్ట్‌మ్యాన్ అన్నా చదవాలె, పక్కింటి ఏడో తరగతి పోరడన్నా చదవాలె. వాకిట్ల నలుగురు చేరేవాళ్లు. ఒక ఇంటికి వచ్చిన ఉత్తరం వాడకట్టు మొత్తానికి వచ్చినట్టే. జవాబు కూడా ఆ పోరడే రాయాలె. బర్రె ఈనింది, బోరు ఎండింది, చెల్లెకు సంబంధం వచ్చింది అని అవ్వ చెప్తుంటే వాడు రాసేవాడు. చివరికి "ఇంకేమన్నా ఉన్నదా?" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకే అవ్వకు కండ్లల్ల నీళ్లు తిరిగేవి.

ఆ కాలమంతా బంగారం అని మేము చెప్పం. భార్య భర్తతో చెప్పుకోవాల్సిన మాట పక్కింటి పోరడి చేత ఎట్లా రాయిస్తుంది? ఎన్ని మాటలు రాయకుండానే మిగిలిపోయాయో లెక్క లేదు. ఉత్తరంలో ప్రేమ ఉండేదన్నది ఎంత నిజమో, రహస్యం ఉండేది కాదన్నదీ అంతే నిజం.

తొందర పనికి టెలిగ్రాం ఉండేది. మాటకు ఇంత అని లెక్క కాబట్టి మాటలు కుదించి రాసేవాళ్లు. ఊర్లోకి టెలిగ్రాం వచ్చిందంటే విప్పి చదవకముందే ఏడుపు మొదలయ్యేది. ఆ సేవను 2013 జూలైలో దేశమంతటా బంద్ చేశారు. అప్పటికే దాని జాగాలో ఎస్సెమ్మెస్ కుదురుకొని కూర్చున్నది.

ప్రపంచంలో మొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో పోయింది. నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీరు కంప్యూటర్ నుంచి ఒక మొబైల్‌కు క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న జరిగింది. అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో నిమిషానికి పదహారు రూపాయల దాకా పడేది. మనం చేస్తేనే కాదు, మనకు ఎవరన్నా చేసినా డబ్బులు మనవే. వచ్చే కాల్‌కు డబ్బు కట్టే బాధ 2003లో తప్పింది.

అట్లాంటి రోజుల్లో విద్యార్థికి, చిన్న ఉద్యోగికి దిక్కు రెండే. ఒకటి మిస్డ్ కాల్, రెండోది ఎస్సెమ్మెస్. ఒక రింగిస్తే "బస్టాండ్ల ఉన్నా", రెండు రింగులిస్తే "ఇంటికి చేరినా" అని మనం ఒప్పందాలు చేసుకోలేదా? రీచార్జి కార్డు గీకి, ఎస్సెమ్మెస్ ప్యాకేజీ వేయించుకొని, హాస్టల్ గదిలో దుప్పటి కింద బటన్లు నొక్కిన తరం మాది. పండుగ రోజు, కొత్త సంవత్సరం రోజు ప్యాకేజీ పనిచేసేది కాదు. శుభాకాంక్షలు ఎక్కువ పోయే రోజే ఎక్కువ రేటు. అక్కడే మనకు అర్థం కావాల్సింది, మన పలకరింపు కూడా ఎవరికో సరుకైందని.

160 ఎవరి కొలత?

ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలే ఎందుకు? ఈ కొలత ఎవరు పెట్టారు? 1985లో పశ్చిమ జర్మనీలోని బాన్ నగరంలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజనీరు టైప్‌రైటర్ ముందు కూర్చొని నోటికి వచ్చిన వాక్యాలు, ప్రశ్నలు టైపు కొట్టి చూశాడు. చాలావరకు 160 అక్షరాల లోపే ముగిశాయి. పోస్టుకార్డులు, టెలెక్స్ సందేశాలు కూడా చిన్నవే కదా, ఇది చాలు అనుకున్నాడు. ఫోన్ నెట్‌వర్క్‌లో సిగ్నల్ కోసం వాడే సన్నని దారిలో 140 బైట్ల జాగా ఉంది. ఒక్కో ఇంగ్లిష్ అక్షరానికి ఏడు బిట్లు చొప్పున లెక్క కడితే అందులో సరిగ్గా 160 పట్టాయి. లోకమంతా ఆ కొలతలో మాట్లాడటం మొదలుపెట్టింది.

ఆయనను తప్పు పట్టాల్సిన పని లేదు. తన భాష కోసం, తన అక్షరాల కోసం ఆయన కొలిచాడు. మన అక్షరాల సంగతి ఆయనకెందుకు తెలుస్తుంది? కాని ఆ కొలత మన దగ్గరికి వచ్చేసరికి ఏమైందో చూడండి. తెలుగు అక్షరం యూనికోడ్‌లో పోవాలంటే ఒక్కోదానికి పదహారు బిట్లు కావాలి. అదే జాగాలో పట్టేది 70 మాత్రమే. ఆ 70 కూడా మనం పలకమీద నేర్చిన అక్షరాలు కావు. గుణింతం ఒక లెక్క, ఒత్తు కింద కనపడని పొల్లు ఒక లెక్క, సున్నా ఒక లెక్క. "రాష్ట్రం" అనే మాట మన కంటికి రెండక్షరాలు. ఫోన్ లెక్కలో ఎనిమిది. "తెలంగాణ" నాలుగక్షరాలు. ఫోన్ లెక్కలో ఏడు. 70 దాటితే రెండో మెసేజ్ కింద బిల్లు. అంటే తెలుగులో రాసినవాడికి సగానికన్నా తక్కువ జాగా, రెట్టింపు ఖర్చు.

అది కూడా ఫోన్‌లో తెలుగు ఉంటేనే. అప్పటి చాలా సెట్లలో తెలుగు మెసేజ్ వస్తే అక్షరాలకు బదులు వరుసగా ఖాళీ గళ్లు కనిపించేవి. ఏం రాశాడో పంపినవాడికే ఎరుక. అందుకే మనమంతా ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయడం మొదలుపెట్టాం. ఇష్టపడి కాదు, గతిలేక.

ఇక్కడ ఒక మేలు కూడా జరిగింది. అది చెప్పకపోతే అన్యాయం. మన యాసను పాఠ్యపుస్తకాలు రానివ్వలేదు. సినిమాలు రౌడీకి, హాస్యగానికి ఇచ్చాయి. ఇంటర్వ్యూలో నోరు తెరిస్తే ముసిముసి నవ్వులు. కాని ఎస్సెమ్మెస్‌కు ఎడిటర్ లేడు, పంతులు లేడు. "యాడున్నవ్?", "అన్నం తిన్నవా బిడ్డా?", "పొద్దుగాల వస్త", "లొల్లి జేయకు" అని నోటితో అన్నది అన్నట్టే వేళ్లతో రాశాం. పరీక్షలో ఎర్ర సిరాతో గీత పడే మాటలు ఫోన్‌లో గీత పడకుండా తిరిగాయి. పుస్తకం ఒప్పుకోని మాటలను లక్షల మంది రోజూ రాసుకున్నారు. యాస మీద సిగ్గు పోవడంలో దీనికీ కొంత వాటా ఉందని మేము నమ్ముతున్నాం.

కాని మాట దక్కింది, లిపి జారింది. ఇంగ్లిష్‌లో కె, ఏ, ఎల్, ఏ అని రాస్తే దాన్ని "కల" అని చదవాలా, "కళ" అని చదవాలా, "కాల" అని చదవాలా? సందర్భం చూసి అర్థం చేసుకుంటాం అంటారు. సరే. మనం చేసుకుంటాం. ఎందుకంటే మనకు ముందే తెలుగు చదవడం వచ్చు. ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు చూసి పెరిగిన పిల్లకు ల, ళ తేడా ఎట్లా తెలుస్తుంది? ణ ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది? మన రాష్ట్రం పేరులో చివరి అక్షరమే అది!

ఇప్పుడు ఆ పాత సాకు లేదు. 70 అక్షరాల గొడవ వాట్సాప్‌లో లేదు. అమ్మే ప్రతి ఫోన్‌లోనూ భారతీయ భాషలు చదవడానికి వీలుండాలని కేంద్రం 2016లో ఉత్తర్వు ఇచ్చింది. చేతిలోని ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. అయినా ఇంకా ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాస్తున్నాం. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఆ రోజు శుభాకాంక్షలు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే పంపుకొంటున్నాం! గళ్లు కనిపించిన రోజుల్లో తప్పు యంత్రానిది. ఈ రోజు తప్పు మనది.

మెసేజ్ జనాన్ని కదిలిస్తుందా?

ఉద్యమాల్లో పనిచేసినవాళ్లం కాబట్టి ఈ ప్రశ్న మనం తప్పకుండా వేసుకోవాలి. కదిలించిన సందర్భాలు ఉన్నాయి. 2001 జనవరిలో ఫిలిప్పీన్స్‌లో అధ్యక్షుడు జోసెఫ్ ఎస్ట్రాడా మీద అభిశంసన విచారణ జరుగుతుంటే, ఒక కీలకమైన కవరు తెరవకూడదని సెనేటర్లలో ఎక్కువ మంది ఓటేశారు. ఆ రాత్రే మనీలాలో ఫోన్ నుంచి ఫోన్‌కు మెసేజ్‌లు పోయాయి. నల్లబట్టలు వేసుకొని ఎడ్సా రోడ్డుకు రమ్మని పిలుపు. జనం లక్షల్లో చేరారు. జనవరి 20న ఎస్ట్రాడా భవనం వదిలి వెళ్లాడు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ డార్జిలింగ్. 2007లో టీవీలో ఇండియన్ ఐడల్ పాటల పోటీ. ప్రశాంత్ తమాంగ్ అనే గోర్ఖా యువకుడు, కోల్‌కతా పోలీసు శాఖలో ఉద్యోగి, పోటీలో నిలబడ్డాడు. గెలుపు ఎస్సెమ్మెస్ ఓట్ల మీద. కొండల్లోని గోర్ఖాలు ఊరూరా అభిమాన సంఘాలు పెట్టారు, చందాలు వేసుకున్నారు, రేయింబవళ్లు ఎస్సెమ్మెస్‌లు కొట్టారు. సెప్టెంబర్‌లో అతను గెలిచాడు. ఆ ప్రచారంలో ముందు నడిచిన బిమల్ గురుంగ్ తన పాత నాయకుడు సుభాష్ ఘీసింగ్‌తో తెగదెంపులు చేసుకొని అదే ఏడు అక్టోబర్‌లో గోర్ఖా జనముక్తి మోర్చా పెట్టాడు. ఒక పాటల పోటీ ఓట్లు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమాన్ని మళ్లీ లేపాయి.

ఇది చూసి కొందరు ఎస్సెమ్మెస్‌తో ఉద్యమం పుట్టిందంటారు. మేము ఒప్పుకోం. గోర్ఖాలాండ్ కోసం ఆ కొండలు 1986 నుంచి 88 దాకా నెత్తురు చిందించాయి. ఆ కోరిక ఇండ్లల్లో, టీ తోటల్లో అప్పటికే మాటగా నలుగుతున్నది. "మేమింతమందిమి ఉన్నం" అని లెక్క చూపించుకోవడానికి ఎస్సెమ్మెస్ పనికొచ్చింది. అంతవరకే. ఓట్లు వేయించినంత సులువుగా రాష్ట్రం రాలేదు. నేటికీ రాలేదు.

మన అనుభవమూ అదే చెప్తుంది. 2009 నవంబర్, డిసెంబర్ నెలలు గుర్తు చేసుకోండి. ఏ చౌరస్తాలో రాస్తారోకో, ఏ హాస్టల్ దగ్గర పోలీసులున్నారు, ఎవరిని ఏ స్టేషన్‌కు తీసుకుపోయారు అన్నది ఫోన్లలోనే తిరిగింది. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. సరిగ్గా సమ్మె నడుస్తుండగానే, సెప్టెంబర్ 27 నుంచి, ఒక సిమ్ నుంచి రోజుకు వంద ఎస్సెమ్మెస్‌లకు మించి పంపొద్దని ట్రాయ్ నిబంధన వచ్చింది. ఆ నిబంధన మన మీద పెట్టింది కాదు. వ్యాపార ప్రకటనల బెడద ఆపడానికి దేశమంతటికీ పెట్టింది. తర్వాత రెండు వందలు చేశారు. 2012 జూలైలో ఢిల్లీ హైకోర్టు మామూలు మనుషుల మీద ఆ పరిమితి చెల్లదని కొట్టేసింది.

మరి వంద దాటి మెసేజ్ పోకపోతే సమ్మె ఆగిందా? ఆగలేదు. నలభై రెండు రోజులు నడిచింది. ఎందుకంటే ఆ సమ్మె ఫోన్ల మీద నిలబడలేదు. ఏండ్ల తరబడి ధూంధాంలలో, రచ్చబండల దగ్గర, స్టాఫ్ రూముల్లో, క్యాంటీన్లలో, బతుకమ్మ ఆడే చోట మాట్లాడుకొని మాట్లాడుకొని ఒక మాట మీదికి వచ్చిన జనం మీద నిలబడింది. జీతం ఆగినా ఎందుకు నిలబడాలో ప్రతి ఉద్యోగికీ ఇంట్లో భార్యాపిల్లలకు చెప్పుకునే కారణం ఉంది. ఆ కారణాన్ని 160 అక్షరాల్లో ఎవరూ పంపలేదు. పంపలేరు. "రేపు పది గంటలకు" అన్నది కబురు. "ఎందుకు" అన్నది మాట. మాట ముందే నడిచిన చోట కబురు పనిచేస్తుంది.

మాట లేని చోట కబురు విషం

ముందు మాట లేకుండా కబురు ఒక్కటే నడిస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2010 సెప్టెంబర్‌లో అయోధ్య మీద అలహాబాద్ హైకోర్టు తీర్పుకు ముందు కేంద్రం దేశమంతటా బల్క్ ఎస్సెమ్మెస్‌లు ఆపేసింది. అంటే ప్రభుత్వానికి జనం మీదకన్నా జనం ఫోన్ల మీద భయం ఎక్కువైంది.

2012 ఆగస్టు ఇంకా ఘోరం. అస్సాంలో అల్లర్ల తర్వాత ఈశాన్య రాష్ట్రాల వాళ్ల మీద దాడులు చేస్తారని బెదిరింపు మెసేజ్‌లు, ఎక్కడివో ఫొటోలు తిరిగాయి. బెంగళూరు నుంచి, పుణె నుంచి, మన హైదరాబాద్ నుంచి కూడా హోటళ్లలో, సెక్యూరిటీలో, బ్యూటీ పార్లర్లలో పనిచేసుకునే వేల మంది సంచులు సర్దుకొని రైలెక్కారు. ప్రభుత్వం ఆగస్టు 17న రోజుకు ఐదు ఎస్సెమ్మెస్‌లే అని ఆంక్ష పెట్టింది, తర్వాత ఇరవై చేసింది. ఇక్కడ మనల్ని మనం ఒకటి అడుక్కోవాలి. ఆ పిల్లలు మన గల్లీల్లోనే ఏండ్లుగా ఉన్నారు. వాళ్లతో మనకు మాట ఉంటే, "భయపడకు తమ్మీ, మేమున్నం" అని చెప్పే ఒక్క పక్కింటి మనిషి ఉంటే, ఎవరో ముఖం తెలియనివాడు పంపిన మెసేజ్‌ను నమ్మి పారిపోయేవాళ్లా? పక్కింటి మాట లేని చోటనే పరాయి కబురు గెలిచింది.

2018 మే నెలలో ఆ మంట మన ఊర్లకే వచ్చింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో వీడియోలు, వాయిస్‌లు. తెలంగాణలో కూడా ఏ పాపం తెలియని మనుషులను కొట్టి చంపారు. ఆ ఏడు జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒకసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయడానికి వీల్లేకుండా చేసింది. ఆ పని మంచిదే. కాని ఐదు అనే అంకె మనకు బుద్ధి నేర్పుతుందా?

బుద్ధి నేర్పిన పని గద్వాలలో జరిగింది. అప్పుడు జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్నది రెమా రాజేశ్వరి. ఎండాకాలం వాకిట్ల మంచాలేసుకొని పండుకునే జనం పొద్దుగూకగానే తలుపులు బిగించుకుంటున్నారని ఊర్లకు పోయిన పోలీసుల కంట పడింది. ఎందుకని అడిగితే ఫోన్లు తీసి చూపించారు. ఆమె మెసేజ్‌కు జవాబుగా ఇంకో మెసేజ్ పంపి ఊరుకోలేదు. పోలీసులను ఊరూరికీ పంపింది, జనాన్ని కూర్చోబెట్టింది, డప్పు పట్టించింది, కళాకారుల చేత పాట కట్టించింది. "ఇది అబద్ధం, అనుమానం వస్తే మాకు చెప్పండి, చెయ్యి చేసుకోకండి" అని ముఖాముఖి చెప్పించింది. ఆమె పరిధిలోని ఊర్లలో ఈ పుకార్లకు ప్రాణం పోలేదని అప్పట్లో పత్రికలు రాశాయి. వేల ఫోన్లలో తిరిగిన అబద్ధాన్ని ఊరి నడుమ డప్పు ఆపింది! ఎందుకు? ఫోన్‌లో వచ్చిన దాన్ని తిరిగి ప్రశ్న అడగలేం. ఎదురుగా నిలబడ్డవాడిని అడగొచ్చు.

ఆఫీసు మెసేజ్, చావు మెసేజ్

ఉద్యోగ మిత్రులకు రెండు మాటలు. ఒకప్పుడు పై అధికారి పని చెప్పాలంటే పిలవాలి, లేదా కాగితం మీద సంతకం పెట్టాలి. పిలిస్తే మనం "సార్, సిబ్బంది లేరు, ఎట్లా చేయాలె?" అని అడిగేవాళ్లం. కాగితమైతే దానికి జవాబుదారీ ఉండేది. ఇప్పుడు రాత్రి పది గంటలకు గ్రూపులో మెసేజ్, పొద్దున తొమ్మిది లోపు రిపోర్టు. రెండు నీలం గీతలు పడ్డాయంటే చూసినట్టే, చూస్తే ఒప్పుకున్నట్టే. టీచర్లు, పంచాయతీ కార్యదర్శులు, అంగన్‌వాడీ, ఆశా అక్కలు ఈ మెసేజ్‌ల మధ్య నిద్ర పోతున్నారు, అన్నం తింటున్నారు. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి పని వేళల బయట ఆఫీసు మెసేజ్‌ల నుంచి తప్పుకునే హక్కు చట్టంలో ఉన్నది. ఎనిమిది గంటల పని కోసం కార్మికులు ప్రాణాలిచ్చారని మే డే నాడు మనం ఉపన్యాసాలు ఇస్తాం. అదే రాత్రి పదకొండుకు "ఓకే సార్" అని బొటనవేలు గుర్తు పెడతాం. ఒక్కరు పెట్టకపోతే ఆయన చెడ్డవాడవుతాడు. సంఘం కూర్చొని మాట్లాడితే అది డిమాండ్ అవుతుంది.

ఇంకో సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో అక్షరాస్యత 66.5 శాతం. నూటికి ముప్పై ముగ్గురికి చదవరాదు. ఉపాధి కూలి పడ్డా, పింఛన్ పడ్డా, బ్యాంకులో డబ్బు కోత పడ్డా మెసేజ్. అదీ ఎక్కువసార్లు ఇంగ్లిష్‌లో. అవ్వ ఆ ఫోన్ పట్టుకొని మళ్లీ పక్కింటి పోరడి దగ్గరికే పోతుంది. ఉత్తరం రోజుల్లో అట్లా పోతే పోయేది రహస్యం ఒక్కటే. ఇప్పుడు ఓటీపీ ఎవరికో చదివి చెప్తే ఖాతాలోని డబ్బు పోతుంది. కాబట్టి చదువుకున్న బిడ్డలారా, మీ వాడకట్టులో ఆ పోరడి పాత్ర ఇంకా అయిపోలేదు. అయితే అవ్వలు మనకన్నా తెలివైనవాళ్లు. రాయరాకపోతేనేం అని వాయిస్ మెసేజ్ పట్టుకున్నారు. దుబాయిలో ఉన్న కొడుకుకు అవ్వ తన గొంతుతో, తన యాసలో కబురు పంపుతున్నది. అందులో కోపం వినిపిస్తుంది, దగ్గు కూడా వినిపిస్తుంది. చదువుకున్న మనం పొట్టి అక్షరాల్లోకి పోతే, చదువు రాని అవ్వ మాటను నిలబెట్టుకున్నది.

చివరగా మా తప్పు ఒకటి చెప్పుకొని ముగిస్తాం. మాతో పాటు ఉద్యమంలో తిరిగిన ఒక మిత్రుని తండ్రి చనిపోయాడు. గ్రూపులో మెసేజ్ వచ్చింది. మేమంతా ఆర్, ఐ, పి అని మూడక్షరాలు కొట్టాం. కొందరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. అరగంటలో అరవై మంది పెట్టారు. పని అయిపోయిందనుకున్నాం. మన దగ్గర చావు జరిగితే పగవాడు కూడా వాకిట్లోకి వచ్చి ఒక్క నిమిషం కూర్చొని పోతాడు. మేము పోలేదు. నెల తర్వాత ఆ మిత్రుడు బస్టాండ్ల కలిశాడు. "మీ మెసేజ్‌లు వచ్చినయి" అన్నాడు. అంతే అన్నాడు. మీరు రాలేదు అనలేదు. ఆ అనని మాట ఇంకా మా చెవుల్లో ఉన్నది. ఈ ఉపన్యాసం ఆ బస్టాండ్ల మొదలైంది.

మేము అడిగేది ఎక్కువేం లేదు. తెలుగు మాటను తెలుగు అక్షరాల్లో రాయండి. ఏ మెసేజ్ అయినా ముందుకు పంపేముందు, పంపినవాడికి ఫోన్ చేసి "నీకు ఎవరు చెప్పిండ్రు?" అని ఒక్క ప్రశ్న అడగండి. సభకు పది మందికి మెసేజ్ పెడితే అందులో ఇద్దరి ఇంటికన్నా పోయి పిలవండి. సంతోషానికి మెసేజ్ సరిపోతుందేమో గాని, కష్టానికి మనిషి పోవాలె.

ఇప్పుడు సభ అయిపోగానే అందరి చేతులూ జేబుల్లోకి పోతాయి. ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. మీ పక్కన కూర్చున్నాయన ఏ ఊరో, ఏం చేస్తాడో అడిగి పోండి. మెసేజ్ తీసుకొచ్చి ఒక్క చోట కూర్చోబెట్టిన మనుషులం మనం. మాట్లాడుకోకుండానే లేచిపోతే ఆ మెసేజ్ దండుగే కదా!

సెలవు.